లదేణి బాట నుంచి బాలానగర్ పొయ్యి దాకా

మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన లదేణి గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. 1632లో పీటర్ ముండీ అనే ఇంగ్లండు వర్తకుడికి దారిలో ఒక బంజారా బిడారు ఎదురైంది. అందులో 14,000 ఎద్దులున్నాయని, పెళ్లాంపిల్లలూ వెంటే నడుస్తున్నారని అతను రాసుకున్నాడు. ఇలా ఎద్దుల్ని లెక్కపెట్టినవాళ్లు ఉన్నారు గానీ, సాయంత్రం పొయ్యి మీద ఏం ఉడికిందో చూసినవాళ్లు తక్కువ.

ఒకచోట నిలవని మనుషులు కూరగాయల మడి వేసుకోలేరు. దారి పక్కన మొలిచే ఆకే వాళ్ల తోట అయి ఉంటుందని మా ఊహ. టమాటా అప్పటికి ఇక్కడి వంటల్లోకి రాలేదు. పులుపు కావాలంటే చింత, పుంటికూరలే దిక్కు.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. సరుకంతా రైలెక్కేసరికి ఎద్దుల బేరం పడిపోయింది. తండాలు నేల పట్టుకున్నాయి, మనవాళ్లు జొన్న చేలల్లో కూలికి దిగారు. కలుపు తీసిన చేతులతోనే ఆడవాళ్లు గునుగు, చెంచలి, తుమ్మి, గంగవాయిలి ఒడిలో వేసుకుని ఇంటికి తెచ్చారు. బతుకమ్మలో పేర్చే గునుగుపువ్వు తెలుసు కదా, దాని లేత ఆకే ఈ కూర. రైతు కలుపన్నది మన యాడికి భాజి. ఇప్పుడు పత్తి చేలల్లో కొట్టే కలుపుమందుకు ఆ మొక్కలే ముందు చస్తున్నాయి.

బాలానగర్ కథ వేరు. ఫ్యాక్టరీలు వచ్చాయి, 1968లో టూల్ డిజైన్ సంస్థ (సీఐటీడీ) వచ్చింది. లేతు మిషన్ల పనికి, చదువుకు వచ్చిన మనవాళ్లు అద్దె గదుల్లో గ్యాసు పొయ్యి మీద వండుకోవడం మొదలుపెట్టారు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవాడికి నూడుల్స్ పొట్లమే సులువు. కాదనం.

అయినా ఈ కూరకు కుక్కర్ ఒక్కటి చాలు. కందిపప్పు ఉడికించి, సొరకాయ, వంకాయ ముక్కలు, గంగవాయిలి లేదా తోటకూర వేయాలి. పుంటికూర మాత్రం చివర్లోనే. పులుపు ముందే పడితే పప్పు ఉడకదు. చారెడు జొన్నపిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెట్టి జొన్న బాటితో తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. ఆకు ఉడికిన నీళ్లు పారబోయకండి, ఫోలేటు, సి విటమిను వాటిలోకే దిగుతాయి.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఇక్కడి కాలువ గట్ల మీద కూడా గంగవాయిలి పచ్చగా మొలుస్తుంది, చూస్తే చెయ్యి ఆగదు. కానీ ఫ్యాక్టరీల నేలలోని సీసం, కాడ్మియం ఆకులోకి ఎక్కుతాయి, ఎంత కడిగినా పోవు. కూకట్‌పల్లి రైతు బజారులో కొనుక్కోండి, లేదా ఊరికెళ్లినప్పుడు తెచ్చుకోండి. ఊళ్లో యాడితో చేలోకి వెళ్లినప్పుడు ఒక్కో ఆకు ఫొటో తీసి, గోర్ బోలీలో దాని పేరు ఆమె గొంతుతోనే రికార్డు చేసుకోండి. మన భాష నోట బతికింది, ఈ పేర్లలో చాలా ఇంకా కాగితం మీదికి ఎక్కలేదు.