పెజ్జాయువోలి, మార్కో

1968లో జర్మనీదేశమందలి మాన్‌హైమ్ నగరమున జన్మించి, ఆటగానిగా విశేషఖ్యాతి గడింపకయే శిక్షకవృత్తి నవలంబించిన ఫుట్‌బాల్ గురువు. 2009లో మాగ్డెబుర్గ్ నగరమున జరిగిన అంతిమపోరున, నిర్ణీతకాలము ముగిసినను ఫలితము తేలక అదనపు సమయమునకు సాగిన ఆటలో, నెదర్లాండ్స్‌ను 2-1తో ఓడించి ఇతని శిష్యులగు పదునేడేండ్లలోపు జర్మన్ బాలురు ఐరోపా విజేతలైరి. వారిలో ఒకడైన మారియో గోట్జెయే 2014 ప్రపంచకప్పు విజయగోలు సాధించినవాడు. యువశిక్షణమే ఇతని నిజమైన బలమని తోచును. ఏలయన 2011 జనవరిలో చేపట్టిన జర్మన్ క్లబ్బగు హోఫెన్‌హైమ్ పగ్గములను ఆ సీజను ముగియగనే విడిచెను.

2021లో బెంగుళూరు ఎఫ్‌సీ ప్రధానశిక్షకుడయ్యెను. ఏప్రిల్‌లో ఏఎఫ్‌సీ కప్పు తొలిపోరున నేపాలు త్రిభువన్ ఆర్మీని 5-0తో గెలిచినను, ఇండియన్ సూపర్ లీగు (ఐఎస్ఎల్)లో జట్టు ఆరవస్థానమున నిలిచెను. 2022 జూన్‌లో ఇతని స్థానమున సైమన్ గ్రేసన్ వచ్చెను.