తాతకు రాసిన ఈమెయిలు

మాది మలేషియాలో పేరాక్ రాష్ట్రంలోని సుంగై సుమున్. బగాన్ దతుక్ వెళ్ళే దారిలో, కొబ్బరి, పామాయిలు తోటల మధ్య ఉంటుంది. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే. బడిలో మాత్రం తమిళం, మలయ్, ఇంగ్లీషు. అందుకని నాకు తెలుగు మాట్లాడటం వచ్చుగానీ, రాయాలంటే ఇంగ్లీషు అక్షరాలే దిక్కు. మా తాతేమో తోట బడిలో తెలుగు చదువుకున్న మనిషి. ఆయనకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు.

ఉద్యోగానికి కౌలాలంపూర్ వెళ్ళాక నేను ఈమెయిలు రాస్తే తమ్ముడు అచ్చు తీసి తాతకు చదివి వినిపించేవాడు. ఒకసారి వాడు ఊళ్ళో లేక, ఆ కాగితం మూడు రోజులు తాత దిండు కిందే ఉండిపోయిందట. ఆ సంగతి విన్నాక నాకు మనసు మనసులో లేదు.

ఈమెయిలు పుట్టినప్పుడు దానికి ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరేవీ తెలియవు. 1990ల మొదట్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళూ నాలాగే ఆ అక్షరాల్లోనే తెలుగు రాసుకునేవారు. ఒక్కొక్కరిది ఒక్కో వరస. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆ అలవాటుకే ఒక పద్ధతి కట్టారు. అదే ఆర్‌టీఎస్. చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. అచ్చును పెద్ద అక్షరంతో కొడితే దీర్ఘం. టైపుమిషను నేర్చుకురండి అని వాళ్ళు ఎవరినీ అడగలేదు. నాకు బాగా నచ్చింది అదే.

యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, మామూలు ఇళ్ళ కంప్యూటర్లలోకి రావటం 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాకే. అంతదాకా ఎవరి ఫాంటు వారిది. అది లేని చోట జాబు తెరిస్తే అన్నీ పిచ్చిగీతలే. తర్వాత 2006లో వీవెన్ గారి 'లేఖిని' వచ్చింది. ఒక పెట్టెలో ఆర్‌టీఎస్‌లో కొడుతుంటే రెండో పెట్టెలో తెలుగు అక్షరాలు పడేవి. వాటిని ఎత్తి ఈమెయిలులో పెట్టుకోవటమే.

అక్కడే నా తమిళ బడి అలవాటు అడ్డొచ్చింది. మేం 'త' రాయాలంటే టి పక్కన హెచ్ పెడతాం. ఆ లెక్కన నేను తాత అని కొడితే 'థథ' అని పడింది. చూసుకోకుండా పంపేశాను. "ఎవరమ్మా ఈ థథ?" అని ఫోనులో ఒకటే నవ్వు.

2009లో జీమెయిలులోనే తెలుగు రాసే వీలు వచ్చింది. ఎలా కొట్టినా అదే మాటను ఊహించి వేసేది, తప్పయితే వేరేది ఎంచుకోవచ్చు. మాలాంటివాళ్ళకు ఎంతో హాయి. అయినా నాకు అక్షరాలు వచ్చింది మాత్రం లేఖిని వల్లే. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడుతుందో చూస్తూ చూస్తూ చదవటం పట్టుబడింది.

ఆ ఏడే తాత చేత్తో రాసిన జాబును తమ్ముడు స్కాన్ చేసి పంపాడు. ఒక్క పేజీ. కూడబలుక్కుని చదవటానికి గంట పట్టింది. చివర సంతకం చోట 'మీ థథ' అని ఉంది.