హిదాయత్ మన వరకు చేరిన దారి

అల్లాహ్ నామంతో, ఆయనను స్తుతిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై దరూద్ పంపుతూ ఈ జుమా ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాము.

ధార్మిక సోదరులారా! ప్రతిదినం మనం ఫర్జ్ నమాజులలో 17 రకాతులు చేస్తాము. ప్రతి రకాతులోనూ ఫాతిహా సూరా పఠించి, రుజుమార్గం చూపమని అల్లాహ్‌ను వేడుకుంటాము. ఇంతగా అడిగి తీసుకున్న ఆ మార్గం పద్నాలుగు శతాబ్దాలు దాటి మన వరకు ఎలా చేరింది? ఎవరి చేతుల మీదుగా చేరింది? ఈ ప్రశ్న మనలో చాలామంది వేసుకోరు. నేడు దానిని గురించే ఆలోచిద్దాము.

హిదాయత్ మనకు రెండు రూపాలలో అందింది. ఒకటి దైవగ్రంథం, రెండవది దానిని ఆచరించి చూపిన దైవప్రవక్త (స) జీవితం. దివ్య ఖుర్ఆన్‌ను సహాబాలు కంఠస్థం చేశారు, వ్రాసి ఉంచారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో అది ఒకచోట కూర్చబడింది. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో దాని ప్రతులు వివిధ ప్రాంతాలకు పంపబడ్డాయి. నమాజు చేయమని ఖుర్ఆన్ ఆదేశించింది. ఏ నమాజుకు ఎన్ని రకాతులో, జకాత్ ఎంత సొమ్ముపై ఎంత చెల్లించాలో ప్రవక్త (స) నేర్పారు. కనుక ఆయన మాటలలో అసత్యం కలిస్తే మన ఆరాధనలోనే అసత్యం కలుస్తుంది.

మన పూర్వీకులు ఈ ప్రమాదాన్ని గుర్తించారు. ఒక హదీసును వినిపించిన వ్యక్తిని, నీకు ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు అని చివరి దాకా అడిగారు. ఈ పరంపరకే ఇస్నాద్ అని పేరు. ఆ వరుసలోని ప్రతి వ్యక్తి సత్యవంతుడా, అతని జ్ఞాపకశక్తి ఎటువంటిది, అతడు తన గురువును నిజంగా కలిశాడా అని విచారించారు. హుజురాత్ సూరా 6వ వాక్యంలో, దుర్మార్గుడు తెచ్చిన వార్తను పరిశీలించకుండా స్వీకరించవద్దని అల్లాహ్ చేసిన హెచ్చరికను వారు ఒక శాస్త్రంగానే మలచారు.

ఆ శాస్త్రానికి సేవ చేసిన చోటు మనకు దూరాన లేదు. గోల్నాక నుండి తార్నాకకు వెళ్ళేవారికి నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఎదురవుతుంది. రెండు పేర్లలోనూ నాకా ఉంది. దారిన పోయేవారిని నిలిపి తనిఖీ చేసే స్థలాన్ని నాకా అంటారు. ఈ నాకాల నడుమనున్న ప్రాంగణంలోనే దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ నేడు ఉన్నది. విశ్వవిద్యాలయం 1918లో వెలసింది. ఈ సంస్థ అంతకు ముప్పై ఏండ్ల ముందే, 1888లో, ప్రారంభమైంది. నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, జామియా నిజామియా స్థాపకులు మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ దీనికి పునాది వేసినవారు.

అక్కడి విద్వాంసుల పని ఏమిటి? వేర్వేరు గ్రంథాలయాలలోని వ్రాతప్రతులను పక్కపక్కన ఉంచి, అక్షరమక్షరం పోల్చి, తేడా కనిపించినచోట దానిని గుర్తించి, శుద్ధమైన పాఠాన్ని ముద్రణకు సిద్ధం చేయటం. ఇమామ్ బైహఖీ గారి సుననుల్ కుబ్రా 10 సంపుటాలుగా ఇక్కడి నుండే వెలువడింది. హదీసు ఉల్లేఖకుల జీవిత వివరాలతో ఇమామ్ ఇబ్నె హజర్ రచించిన తహ్‌జీబుత్ తహ్‌జీబ్ 12 సంపుటాలుగా వెలువడింది. ఉల్లేఖకుల గుణదోషాలను నిర్ణయించే ఇబ్నె అబీ హాతిమ్ గ్రంథం 9 సంపుటాలుగా వచ్చింది. ఈ చివరి గ్రంథాన్ని పరిష్కరించిన షేఖ్ అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ యమన్ దేశస్థుడు. ఆయన సుమారు పాతికేండ్లు హైదరాబాదులో ఉండి ఈ పనికే అంకితమయ్యాడు. అరబ్బు దేశాల పండితులు సైతం హైదరాబాదు ప్రతులను చేతబట్టి పాఠాలు చెప్పారంటే, ఆ శ్రమ విలువ ఎంతటిదో గ్రహించవచ్చు.

ఉస్మానియాలో ధర్మశాస్త్ర శాఖను నడిపిన మౌలానా మనాజిర్ అహ్సన్ గీలానీ హదీసుల సంకలన చరిత్రపై ఉర్దూలో గ్రంథం వ్రాశారు. ఆయన శిష్యుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ 1908లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియాలో చదివి, అక్కడే బోధించారు. హదీసులన్నీ ప్రవక్త (స) తరువాత రెండు వందల ఏండ్లకు గాని గ్రంథస్థం కాలేదని, కనుక నమ్మదగినవి కావని ఆ రోజులలో కొందరు వాదించేవారు. హజ్రత్ అబూహురైరా (రజి) తన శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్‌కు చెప్పి వ్రాయించిన హదీసుల సంపుటి వ్రాతప్రతులు బెర్లిన్‌లోనూ, దమాస్కస్‌లోనూ ఉండగా, హమీదుల్లాహ్ వాటిని పోల్చి 1953లో దమాస్కస్ నుండి ప్రచురింపజేశారు. అందులో 138 హదీసులున్నాయి. అబూహురైరా (రజి) హిజ్రీ 60కి ముందే పరమపదించారు. అంటే ఈ వ్రాత తొలి శతాబ్దానిది! హమ్మామ్ నుండి మఅమర్‌కు, ఆయన నుండి అబ్దుర్రజ్జాఖ్‌కు, ఆయన నుండి ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్‌కు ఇవే హదీసులు చేరి ముస్నద్‌లో నిలిచాయి. ఆ రెంటిని పోల్చి చూడగా స్వల్ప భేదాలు తప్ప అర్థం మారిన జాడ లేదు. నలుగురి చేతులు మారినా అమానతు చెడలేదు.

సోదరులారా! ఇక మన సంగతి చూచుకుందాము. ఈ కృషి అంతా అరబీలో, ఉర్దూలో జరిగింది. తెలుగు మాట్లాడే మనకు ఖుర్ఆన్ అనువాదాలు లభించాయి. 1920వ దశకంలో దివ్య ఖుర్ఆన్‌ను తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిము కారు, అయినా ఆ శ్రమకు పూనుకున్నారు. హదీసుల విషయంలో మాత్రం మనం చెవిన పడ్డదానిని వెంటనే నమ్ముతున్నాము. ఫలానా దుఆను ఇంతమందికి పంపకుంటే కీడు జరుగుతుందని ఫోనులో సందేశం వస్తుంది. ప్రవక్త (స) పేరు కనబడగానే పుణ్యమనుకుని పదిమందికి పంపుతాము. ఏ గ్రంథంలో ఉన్నదో అడగము. నాకా లేని దారిలో దొంగ సరకు ఎంతైనా సాగిపోతుంది. తనపై బుద్ధిపూర్వకంగా అబద్ధం కల్పించినవాని స్థానం నరకమని ప్రవక్త (స) హెచ్చరించారు. విన్నదల్లా చెప్పుకుంటూ పోవటమే మనిషి అసత్యవాది అనడానికి చాలునని కూడా ఆయన తెలిపారు. మన ఉద్దేశం మంచిదే కావచ్చు. మంచి ఉద్దేశం అబద్ధాన్ని హదీసుగా మార్చదు.

మనమందరం పండితులం కానక్కరలేదు. హదీసు అని ఏదైనా వచ్చినప్పుడు, ఇది ఏ గ్రంథంలో ఉన్నది, హదీసువేత్తలు దీనిని ఏమన్నారు అని తెలిసినవారిని అడుగుదాము. జవాబు దొరికే వరకు దానిని మన దగ్గరే ఆపుదాము. పిల్లలు అడిగినప్పుడు మనకు తెలియకపోతే తెలియదని చెబుదాము. ఆ మాట అనడానికి గొప్ప ఇమాములే సిగ్గుపడలేదు. అరబీ, ఉర్దూ చదివిన యువకులు ప్రామాణిక హదీసులను ఆధారాలతో సహా తెలుగులోకి తేవటాన్ని తమ బాధ్యతగా స్వీకరించాలి. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపామని అల్లాహ్ ఇబ్రాహీమ్ సూరాలో తెలిపాడు. సన్మార్గం మనిషికి అర్థమయ్యే మాటలోనే చేరాలి, కలుషితం కాకుండా చేరాలి.

ఓ అల్లాహ్! సత్యాన్ని సత్యంగా గుర్తించే వివేకాన్ని మాకు ప్రసాదించు. నీ ప్రవక్త (స) మాటను మాకు భద్రంగా చేర్చినవారిని కరుణించు. మా తరువాతి తరాలకు దానిని అంతే భద్రంగా అందించే భాగ్యాన్ని మాకు అనుగ్రహించు. ఆమీన్.