సమాధి భంగం – నేరబాధ్యత: స్మృతుల నుంచి న్యాయ సంహిత వరకు

తెలంగాణ పల్లెల్లో శవాలను పూడ్చే చోటును బొందలగడ్డ అంటారు. నెల్లికుదురు వంటి మండలాలున్న ఉమ్మడి వరంగల్ ప్రాంతంలోనూ, పొరుగున ఉన్న ఖమ్మం ప్రాంతంలోనూ రెండు తరహాల సమాధులు కనిపిస్తాయి. మొదటివి, ఏ బొంద ఎవరిదో ఊరివారు చెప్పగలిగే బొందలగడ్డలు. రెండవవి, జానంపేటలో ఉన్నటువంటి బృహత్‌శిలా సమాధులు. జనం వీటిని రాకాసి గుళ్లు అన్నారు. మొదటివాటికి వారసులున్నారు, రెండవవాటికి లేరు. సమాధిని తవ్వినవారి నేరబాధ్యతను ఈ భేదం ఎలా నిర్ణయిస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

శ్మశానాన్ని దండనీతి పరిధిలోకి తేవడం మనకు కొత్త కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం చైత్యాలలో, శ్మశానాలలో, పొలిమేరలలో పెరిగిన చెట్లను నరికినవారికి దండుగను రెట్టింపు చేసింది. శవం మీది వస్తువులను అమ్మినవానికి ఉత్తమ సాహస దండం విధించింది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరా వ్యాఖ్యను ఆధారం చేసుకొని 13వ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయం' రచించాడు. ఇక్కడ దండన స్థలపు పవిత్రతను బట్టి, వస్తువును బట్టి ఉంది. వారసుని మనోవేదన ప్రసక్తి లేదు.

1860 నాటి భారత శిక్షాస్మృతి ఈ దృష్టిని మార్చింది. దాని 297వ సెక్షన్ మతసంబంధ నేరాల అధ్యాయంలో చేరింది. పూర్వపు హైదరాబాద్ రాష్ట్రానికి శిక్షాస్మృతి 1951లో వర్తించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నియమం 301వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. ఒకరి మనసు నొప్పించాలనే, మతాన్ని అవమానించాలనే ఉద్దేశంతో గానీ, అలా జరిగే అవకాశముందనే ఎరుకతో గానీ సమాధి స్థలంలోకి అక్రమంగా ప్రవేశించినా, శవాన్ని అగౌరవపరచినా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఈ నిర్వచనంలో 'తవ్వడం' అనే మాటే లేదు. జపాన్ శిక్షాస్మృతి 189వ అధికరణం, దక్షిణ కొరియా శిక్షాస్మృతి 160వ అధికరణం సమాధిని తవ్వడాన్నే నేరంగా పేర్కొన్నాయి. జపాన్‌లో రెండేళ్ల వరకు, కొరియాలో ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. మన చట్టంలో మాత్రం తవ్వినవాని ఉద్దేశమో ఎరుకో రుజువు కావాలి. మరణకారణ విచారణ కోసం మేజిస్ట్రేటు ఉత్తర్వుపై శవాన్ని వెలికితీయడానికి భారతీయ నాగరిక సురక్షా సంహిత 196వ సెక్షన్ అనుమతిస్తున్నది కనుక అది నేరం కాదు.

వారసులు లేని సమాధుల దారి వేరు. 1914లో గులాం యజ్దానీ సారథ్యంలో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ వాటిని చారిత్రక అవశేషాలుగా చూసింది. నేడు కేంద్ర రక్షణలోని కట్టడాన్ని ధ్వంసం చేస్తే, 2010లో సవరించిన 1958 చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. రాష్ట్ర స్థాయిలో 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. గుప్తనిధి దొరికినప్పుడు కలెక్టరుకు తెలపకుండా దాచడం 1878 చట్టం కింద శిక్షార్హం. అయితే రక్షిత కట్టడంగా ప్రకటించని రాతి సమాధికి 1958 చట్టపు శిక్షానిబంధన వర్తించదు. జనం దానిని పూర్వీకులది అనక రాకాసులది అన్నారు కనుక, ఎవరి మనసు నొచ్చిందో చూపి 301వ సెక్షన్‌ను ఆశ్రయించడమూ కష్టమే. పేరు మారడంతో వారసత్వమే తెగిపోయింది.

బొందలగడ్డకు ఉన్న ప్రమాదం దీనికి భిన్నమైనది. అక్కడ వారసులున్నారు, నొచ్చే మనసులున్నాయి. కానీ పహాణీలో ఆ స్థలం శ్మశానంగా నమోదు కాకపోతే, అది సమాధి స్థలమని తనకు తెలియదని తవ్వినవాడు వాదించగలడు. శవాలను పూడ్చే ఆచారమున్న దళిత, జంగమ కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. ఆ ఎరుకను రుజువు చేయడానికి అప్పుడు మిగిలే ఆధారాలలో ముఖ్యమైనవి ఊరివారి మౌఖిక సాక్ష్యం, వాడుకలోని స్థలనామాలు. బొందలగడ్డల పేర్లను, అక్కడ ఏటా జరిగే పెద్దల కర్మలను తేదీలతో సహా నమోదు చేసే తెలుగు పరిశోధకుని పని అందువల్ల న్యాయస్థానానికీ అవసరమైనదే.