సంగీత పట్టవిద్య

కచేరీ చేయుటయే వృత్తిగా నెంచుకొనిన విద్యార్థికి గురుకులమున దొరకెడు శిక్షణమును పాఠ్యక్రమముగా, పరీక్షగా, యోగ్యతాపత్రముగా మలచిన సంస్థలలో విజయనగరమందలి మహారాజ సంగీత కళాశాల ఆంధ్రదేశమున అగ్రగణ్యము. 1919లో విజయరామ గజపతిరాజు స్థాపించిన యీ విద్యాలయమునకు హరికథాపితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు ప్రథమాధ్యక్షుడు. ఇరువదియాఱేండ్ల ప్రాయమున వాయులీనాచార్యుడుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు 1936లో అధ్యక్షపదవి నలంకరించెను. ఘంటసాల వేంకటేశ్వరరావు ఇచ్చటనే అభ్యసించెను.

ఈ విద్యకు ప్రాణము సాధన. రాగలక్షణమును వ్రాసి చూపగలవానికంటె ఆ రాగమును పది నిమిషములు పునరుక్తి లేక ఆలపింపగలవాడే పట్టమునకు నిజమైన అర్హుడు. తంబురాశ్రుతిలో షడ్జము నిలుచువఱకు సరళీవరుసలు, పిదప తాళము చెదరకుండ ఒకే వర్ణమును రెండు కాలములందు పాడుట, అటుపై కృతి, నెరవు, కల్పనస్వరము. వాయులీన విద్యార్థికి కమాను సమముగా నడచుటకే యేండ్లు పట్టును.