అరవై మంది తరగతిలో అందరి చేతా జవాబు చెప్పించడం

మేము నడిపే ఆదివారం తెలుగు తరగతిలో ఒక్క అయ్యవారు, ఎదుట అరవై మంది పిల్లలు. ప్రశ్న వేస్తే ముందు వరుసలోని ఐదారుగురే జవాబు చెబుతారు. మిగతావారికి వచ్చిందో లేదో తెలియదు. కొన్ని నెలలకు రావడం మానేసేది కూడా ఆ నోరు విప్పనివారే. పిల్లలందరి చేతా తరగతిలోనే ఆలోచింపజేసే పద్ధతులను క్రియాశీల అభ్యసనం అంటారు. వాటిలో మాకు పనికొచ్చినది తోటివారి బోధన.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991లో దీన్ని మొదలుపెట్టారు. కొంచెం పాఠం చెప్పి, ఒక ప్రశ్న, దాని కింద మూడు నాలుగు జవాబులు ఇవ్వాలి. ఎవరికి వారే ఒకటి ఎంచుకోవాలి. సుమారు 30 నుంచి 70 శాతం మందికి సరైనది తెలిస్తే, జవాబు బయటపెట్టకుండా రెండు మూడు నిమిషాలు పక్కవారితో వాదించుకోమనాలి. మళ్లీ ఎంచుకున్నాక వివరించాలి. 30కి తగ్గితే పాఠం మళ్లీ చెప్పాల్సిందే.

కిటుకంతా ప్రశ్నలోనే ఉంది. తమిళనాట బడికెళ్లే మన పిల్లలనే చూడండి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. త, థ, ద, ధలకూ అంతే. ‘కథ’, ‘గద’ అందులో రాస్తే ఒకేలా ఉంటాయి. ‘భీముడి చేతిలో ఉన్నది ఏది?’ అని అడిగి కద, కథ, గద, గధ అని బోర్డు మీద రాస్తే తరగతి నాలుగు ముక్కలవుతుంది. ఇంట్లో అవ్వ నోట విన్న పిల్ల పక్కవాడికి పలికి చూపిస్తుంది. మేము ఎన్నిసార్లు దిద్దించినా రానిది అప్పుడు వస్తుంది. గోల మాత్రం తప్పదు.

చేతులెత్తమంటే బాగా చదివేవాడి చేయి చూసి మిగతావారు ఎత్తుతారు. అందుకే ప్లికర్స్ కార్డులు మేలు. కాగితం మీద అచ్చు వేసుకునే నలుపు తెలుపు గుర్తులివి. ఏ అంచు పైకి పట్టుకుంటే అదే జవాబు. అయ్యవారు తన ఫోన్ కెమెరా తరగతి వైపు తిప్పితే లెక్క వచ్చేస్తుంది. కార్డుల మీద గుర్తులు వేర్వేరు కాబట్టి చూసి కాపీ కొట్టడం కష్టం. కహూట్ లాంటి వాటికైతే పిల్లల చేతుల్లోనూ ఫోన్లు, నెట్ కావాలి. పైగా తొందరగా చెప్పినవారికే ఎక్కువ మార్కులు. అక్షరం కూడబలుక్కుని చదివే పిల్లకు అది అన్యాయం.

విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగ్, గణితం కోర్సులపై జరిగిన 225 అధ్యయనాలను 2014లో కలిపి చూస్తే, ఉపన్యాసం విన్న తరగతుల్లో తప్పినవారు దాదాపు 34 శాతం, ఇలాంటి పద్ధతుల్లో 22 శాతం. అవి కాలేజీ తరగతులు. ఆదివారం బడికీ అదే లెక్క వర్తిస్తుందని మేము అనము.

గంటకు మూడు ప్రశ్నలు చాలు. వాటిని శనివారం రాత్రే రాసిపెట్టుకోవాలి.