సర్వరు గారి జాడ

మా చిన్నతనంలో సర్వరంటే నరసరావుపేట హోటల్లో భుజాన తుండుగుడ్డ వేసుకుని, ఒక్క చేతిమీద నాలుగు ఇడ్లీ ప్లేట్లు నిలబెట్టుకుని వచ్చే కుర్రాడు. ఇప్పుడు మా ఈపూరులో ఆ మాటకి అర్థమే మారిపోయింది. ఇప్పటి సర్వరు ఎవరికీ కనపడడు, కేకేస్తే పలకడు. 2015లో ఆంధ్రప్రదేశ్ రేషను షాపుల్లోకి వేలిముద్ర మిషన్లు వచ్చిన దగ్గర్నుంచీ అక్షరమ్ముక్క రాని వాళ్ళు కూడా "సర్వరు పనిచెయ్యట్లేదంట" అని, ఇవాళ కరెంటు లేదన్నంత తేలిగ్గా అనేస్తున్నారు.

ఇంతకీ ఆ పనిచెయ్యని సర్వరు ఎక్కడుంటాడు? ఒక్కడా, పదిమందా? ఆ పదిమందిలో ఫలానావాడు పడుకున్నాడని కనిపెట్టేదెవరు? కథలూ నవలలూ రాసుకునేదాన్ని, నాకెందుకీ గోల అనుకోవచ్చు. కాని బి.ఏ.లో చరిత్ర చదివిన బుద్ధి ఊరుకోదు కదా! దేనికైనా ఒక పుట్టుపూర్వోత్తరం ఉండి తీరాలనిపిస్తుంది. సరే, తవ్వడం మొదలుపెట్టాను. తవ్వగా తవ్వగా ముందు తగిలింది కంప్యూటరు కాదు, రైలు పట్టా!

ఆశ్చర్యపోకండి. వేరువేరు చోట్ల వేరువేరు మనుషులు తలా ఒక చెయ్యి వేస్తే జరిగే పనిలో, ఆ పని ఎంతదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది అని చెప్పగలిగే విద్య రైల్వే వాళ్ళు ఎప్పుడో నేర్చుకున్నారు. మా మేనమామ గారు అసిస్టెంటు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఒంటి లైను మీద డ్రైవరు చేతికి ఒక టోకెను ఇస్తేగాని బండి కదలకూడదట. గుండ్రటి చట్రానికి తోలు సంచీ, ఆ సంచీలో ఇనప బంతి. అది చేతిలో ఉంటే ఆ స్టేషనుకీ తర్వాతి స్టేషనుకీ మధ్య దారి నీదేనని అర్థం. బండి వచ్చిన టైమూ వెళ్ళిన టైమూ ప్రతి స్టేషను మాస్టరూ రిజిస్టరులో రాసుకుంటాడు. అయితే ఎవరి రిజిస్టరులో వాళ్ళ స్టేషను సంగతే ఉంటుంది. అన్నిటినీ ఒక్కచోట చూసేవాడు కంట్రోలు ఆఫీసులో కూర్చునే కంట్రోలరు. ఆయన ముందు పెద్ద కాగితం. ఒక పక్క స్టేషన్లు, ఇంకో పక్క గంటలూ నిమిషాలూ. ఒక్కో బండికి ఒక్కో గీత ఏటవాలుగా పాకుతూ పోతుంది. గీత ఎక్కడ అడ్డంగా పడుకుందో అక్కడ బండి ఆగిపోయిందన్న మాట! "రిజిస్టరు చూస్తే నా స్టేషనే తెలుస్తుందే అమ్మాయ్, ఆ కాగితం చూస్తే బండి తెలుస్తుంది" అనేవారు మావయ్య. ఆ మాట దాచి పెట్టుకోండి. దాంతో మనకి పనుంది.

రైల్వే వాళ్ళే కంప్యూటర్లు తెచ్చుకున్నారు. 1985 నవంబరు 15న ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను ప్రయోగంగా మొదలైంది. తర్వాత కలకత్తా, బొంబాయి, మద్రాసు, మన సికింద్రాబాదు. బాగానే ఉంది గానీ అయిదు ఊళ్ళూ అయిదు సంస్థానాలు! ఒక చోటి యంత్రానికి ఇంకో చోటి యంత్రం సంగతి తెలియదు. వెళ్ళడానికి టిక్కెట్టు దొరికేది, తిరిగి రావడానికి దైవాధీనం. ఆ అయిదింటినీ కలిపే ప్రోగ్రాము రైల్వే వారి సొంత సంస్థ 'క్రిస్' తయారుచేసింది. పేరు 'కాన్సర్ట్'. దాన్ని దేశంలో మొట్టమొదట పెట్టింది ఎక్కడనుకున్నారు? మన సికింద్రాబాదులోనే, 1994 సెప్టెంబరులో! 1999 ఏప్రిలు నాటికి అయిదు కేంద్రాలూ కలిసిపోయాయి. అప్పట్నుంచీ మద్రాసు లెక్కలో ఉండే బండికి మన ప్రాంతంలో టిక్కెట్టు అడిగితే, ఆ మాట సికింద్రాబాదు యంత్రానికి చేరి, అక్కణ్ణుంచి మద్రాసు యంత్రానికి పోయి, బెర్తు ఖాయం చేసుకుని, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. కౌంటరు ముందు చిల్లర లెక్కపెట్టుకునే మనకేం తెలుస్తుంది!

ఇంతదూరం తిరిగే మాట దారిలో తప్పిపోకుండా కట్టిన తాయెత్తే టిక్కెట్టు మీద ఉండే పది అంకెల పి.ఎన్.ఆర్. నంబరు. ఆ అలవాటు విమానాల కంపెనీల నుంచి వచ్చింది. ఒకే ప్రయాణీకుడు రెండు మూడు కంపెనీల విమానాలు మారితే, అతని వివరాలు ఒకరికొకరు అందించుకోవడానికి పెట్టుకున్న పద్ధతి అది. మన టిక్కెట్టు మీద మొదటి అంకెలు చూసి అది ఏ కేంద్రం లెక్కలోదో చెప్పొచ్చు. మావయ్య మాటల్లో చెప్పాలంటే, ఇది స్టేషను నంబరు కాదు, బండి నంబరు.

ఇక కంప్యూటరు వాళ్ళ రిజిస్టరు సంగతి. దాన్ని 'లాగ్' అంటారు. లాగ్ అంటే దుంగ. వెనకటి నావికులు తాడుకి ముళ్ళు వేసి, చివర చెక్క కట్టి సముద్రంలోకి విసిరి, ఎన్ని ముళ్ళు జారాయో చూసి ఓడ వేగం లెక్కకట్టేవారు. ఆ లెక్క రాసుకునే పుస్తకానికీ దుంగ పేరే వచ్చింది. ప్రతి యంత్రమూ తను చేసిన పనులన్నీ ఇలాగే నిమిషాలతో సహా డైరీ రాసుకుంటుంది. యంత్రం ఒక్కటే అయితే ఆ డైరీ చాలు. పది యంత్రాలైతే? పది డైరీలు, పది గడియారాలు!

గడియారాల బాధ మనకి కొత్తా? ఒకప్పుడు మన దేశంలో మద్రాసు టైము వేరు, బొంబాయి టైము వేరు, కలకత్తా టైము వేరు. దేశమంతటికీ ఒక టైము అన్నది 1906 జనవరి ఒకటిన వచ్చింది. యంత్రాల మధ్య ఇదే తంటా. ఒకడి డైరీ ప్రకారం ప్రశ్న రాకముందే జవాబు వెళ్ళిపోయినట్టుంటుంది! 1978లో లెస్లీ లాంపోర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త దీనికో దారి చూపించాడు. గడియారాన్ని నమ్మకండి, ఏది జరిగితే ఏది జరిగిందో ఆ వరస పట్టుకోండి అన్నాడు. ఉత్తరం వేశాకే అందుతుంది గనక, ఏ గడియారం ఏం చెప్పినా వెయ్యడమే ముందు. మన అమ్మమ్మలు "పెద్దాడు పుట్టిన ఏడాది వచ్చిన వరద తర్వాత" అని చెప్పేవారే, దాదాపు ఆ లెక్కే!

ఆ తర్వాత పెద్ద కంపెనీల యంత్రాలు ఉమ్మడి కాపురం లోంచి వేరుపడ్డాయి. ఉమ్మడి ఇంట్లో ఎవరు అన్నం తిన్నారో ఎవరు అలిగారో అత్తగారికి ఒక్క చూపులో తెలిసిపోయేది. వేరు కాపురాలయ్యాక ఎవరింటికి ఫోను చేసినా "మేం కులాసా" అనే మాటే! మా అక్క కూతురు హైదరాబాదులో ఇలాంటి చోటే ఉద్యోగం చేస్తోంది. సంక్రాంతికి ఈపూరు వచ్చింది గానీ, దానికి 'ఆన్‌కాల్' డ్యూటీ. అర్ధరాత్రి ఫోను అదేపనిగా మోగింది. దుప్పటి కప్పుకుని లాప్‌టాప్ తెరిచింది. నిద్ర ఎలాగూ పోయింది, నేనూ పక్కన చేరాను. ఎవరో సామాను కొని డబ్బు కట్టారుట. డబ్బు పోయింది, ఆర్డరు లేదు. "ఏ యంత్రాన్ని అడిగినా బాగానే ఉన్నానంటోంది పిన్నీ" అంది. ఒక్కొక్క యంత్రం నాడి చూడటం ఒక పని, మనిషి మాట దారిలో ఎక్కడ తప్పిపోయిందో జాడ తియ్యడం ఇంకో పని అని ఆ రాత్రి దాని నోటే విన్నాను. ఏదో నంబరు కొట్టింది. తెర నిండా రంగురంగుల పట్టీలు, మెట్లు మెట్లుగా. ఒక పట్టీ మాత్రం బారుగా సాగిపోయి ఎర్రగా ఉంది. "ఇదిగో, ఇక్కడ ఆగింది!" అంది. నాకు మావయ్య చెప్పిన కంట్రోలు కాగితమే కళ్ళముందు కనపడింది.

ఆ పట్టీల విద్యకి పేరు తెచ్చింది గూగుల్ వాళ్ళు. బెంజమిన్ సిగెల్‌మన్, ఆయన తోటివాళ్ళు కలిసి 'డాపర్' అనే తమ పద్ధతి గురించి 2010లో వ్యాసం ప్రకటించారు. అంతకుముందే విశ్వవిద్యాలయాల్లోనూ ఇతర కంపెనీల్లోనూ ఇలాంటివి ప్రయత్నించారు గానీ, అంత పెద్ద ఎత్తున నడిపి చూపించింది వీళ్ళు. కిటుకు చిన్నదే. గడపలో అడుగుపెట్టిన ప్రతి మాటకీ ఒక నంబరు కట్టు, అది ఎన్ని ఇళ్ళు తిరిగినా అదే నంబరు పట్టుకుని తిరగాలి. దాన్ని చూసి ట్విట్టర్ వాళ్ళు 2012లో 'జిప్‌కిన్' ఇచ్చారు. ఊబర్ వాళ్ళు 'యేగర్' ఇచ్చారు, జర్మను భాషలో వేటగాడని అర్థం. ఎవరి పద్ధతి వాళ్ళదైతే మళ్ళీ సంస్థానాలే గనక 2019లో రెండు పద్ధతులు కలిసి 'ఓపెన్ టెలిమెట్రీ' అయ్యాయి. నంబరు ఎలా ఉండాలో 2020లో వెబ్ ప్రమాణాల సంఘం నిర్ణయించింది. మన పి.ఎన్.ఆర్.కి పది అంకెలైతే దీనికి అంకెలూ అక్షరాలూ కలిపి ముప్ఫై రెండు స్థానాలు!

ఇక్కడో చిక్కుంది. అన్ని మాటల జాడా రాసిపెడుతూ కూర్చుంటే అసలు పని కుంటుపడుతుంది. అందుకని డాపర్ తొలి రోజుల్లో సగటున 1024 మాటల్లో ఒక్కదాని జాడే రాసి ఉంచేది. గూగుల్‌కి అది చాలు, కోట్ల మాటలు పోతుంటాయి గనక. కాని ఆగిపోయిన మాట ఆ మిగిలిన 1023లో ఉంటే? అందుకే తర్వాత వచ్చినవాళ్ళు మాట తిరిగి వచ్చేదాకా ఆగి, చెడిపోయినవీ ఆలస్యమైనవీ ఏరి దాచుకునే ఏర్పాటు చేశారు. ఈ మార్పు నాకు నచ్చింది. ఇంట్లో కూడా కులాసాగా చేరిన ఉత్తరాలకంటే చేరని ఉత్తరం గురించే కదూ మనం వెతికేది!

అయినా రేషను షాపు సంగతి నన్ను వదల్లేదు. మా పల్నాడులో ఏళ్ళ తరబడి మిరపకాయలు కోసిన ఆడవాళ్ళున్నారు. అరిగిపోయిన వేళ్ళు మిషను మీద పెడితే అది గుర్తుపట్టదు. మరి ఆమె మాట తాలూకు పట్టీ ఏ రంగులో ఉంటుందని మా అమ్మాయిని అడిగాను.

కాసేపు ఆలోచించి, "పచ్చగానే ఉండొచ్చు పిన్నీ" అంది. "ప్రశ్న వెళ్ళింది, జవాబు టైముకి వచ్చింది. ఆ జవాబు 'కాదు' అన్నది యంత్రానికి తప్పు కాదు కదా! ఖాళీ సంచీతో ఎంతమంది వెళ్ళారో తెలియాలంటే ఆ 'కాదు'లన్నీ షాపుల వారీగా విడిగా లెక్కపెట్టాలి. అలా లెక్కపెట్టమని ముందు ఎవరో ఒకరు అడగాలి."